త్యాగం అని రాసిన చోట

పటం కథ చెప్పే బాపు పోయారని బుధవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. రెండు ముక్కలే చెప్పింది. "బాపు పానం ఇడిసిండు మేడం. పటం ఇంకా దూలానికే ఉన్నది, దాన్ని ఏం జెయ్యమంటరు?" మొదటి ముక్కకు ఏడ్చాను. రెండో ముక్కకు జవాబు ఇవాళ్టికీ దొరకలేదు.

పాఠకులకు ముందుగా ఆ పటం సంగతి చెప్పాలి. అది మూడడుగుల వెడల్పున్న నేతగుడ్డ. ఇంట్లో పరిస్తే వాకిలి దాటి వీధిలోకి వెళ్లేంత పొడవు. కల్లుగీత కుటుంబాల కులకథ మొత్తం దాని మీద వరుసగా బొమ్మలై ఉంటుంది. కర్రకు కట్టి, ఒక్కొక్క బొమ్మనే విప్పుతూ, చేతిపుల్లతో చూపిస్తూ బాపు కథ చెప్పేవారు. ఆయన పక్కన భార్య వంత పాడేది. ఇల్లు పెద్దవంగర దగ్గర. కథ చెప్పే హక్కున్న ఊళ్లు మాత్రం కురవి చుట్టూ, గూడూరు అడవి అంచున, ఇటు జనగామ వైపు, అటు భూపాలపల్లి వైపు ఉండేవి. ఒక్కో ఊరికి మూడేళ్లకోసారి వంతు.

జానపద ప్రదర్శనలను నమోదు చేయడం నా వృత్తి. మొదటిసారి వెళ్లిన రోజు నేను పుస్తకం తెరవగానే ఆయన చేత్తో మూసేశారు. "రాసుడు ఎటువోదు బిడ్డా. ముందుగాల ఇను. చెవులకు ఎక్కినంక రాస్తే చెయ్యి తప్పు జెయ్యది." ఆ మాటను నేను నా విద్యార్థులకు చాలాసార్లు చెప్పాను. పాటించవలసిన చోట పాటించలేదు.

కథకు బయలుదేరే ముందు గోడ మేకుకున్న తలపాగా తీసి చుట్టుకునేవారు. చేతులు కడుక్కుని, నిద్రపోయే మనిషిని లేపినట్టు పటాన్ని రెండుసార్లు తట్టేవారు. "లే తల్లీ, ఊరోళ్లు ఎదురుసూస్తుండ్రు." టీ ఇస్తే సగమే తాగి, మిగతాది అడగకుండానే భార్య వైపు జరిపేవారు.

నేను ఎరిగే నాటికే పటం జీర్ణమైపోయింది. దేవుడి బొమ్మ ఉండవలసిన చోట తల పట్టేంత చిల్లు. కథ అక్కడికి చేరేసరికి ఆయన పుల్ల దించి, చిల్లుకు అడ్డంగా తానే నిలబడేవారు. ఒకసారి కురవి పక్క ఊళ్లో ముందు వరుసలోని ముసలమ్మ ఊరుకోలేదు.

"దేవుడేడి పెద్దయ్యా?"

"ఆయినకు పానం బాగలేదవ్వా. ఇయ్యాల నన్ను నిలవడుమన్నడు."

"నీకు పండ్లే లేవు గదా."

"ఆయినకు ఒళ్లే లేదు. జర సర్దుకో."

జనమంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. దేవుడి మాట చెప్పవలసి ఉంది కనుక గొంతు సవరించుకున్నారు.

పటం కథ చెప్పే కుటుంబాల్లో ఒక నియమం ఉంది. పనికిరాని పటానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి వాగులో విడుస్తారు. అయితే కొత్త పటం ఇంటికొచ్చి, దాని మీద మొదటి కథ చెప్పిన తర్వాతే విడవాలి. అందాకా ఎంత చిరిగినా పాతది బతికున్నట్టే లెక్క. పూర్వం కొత్త పటాన్ని ఊళ్లే కూడి రాయించేవి. ఇప్పుడు గీత పని మానుకున్న ఇళ్లే ఎక్కువ, కథకు పిలుపే తక్కువ.

అందుకే సామూహిక కళలకు జిల్లా నుంచి సహాయం ఇస్తారన్న ప్రకటన చూసి, దరఖాస్తు నేనే నింపాను. ఆయన మంచం మీద, నేను కింద చాప మీద కూర్చున్నాం. దరఖాస్తులో కథ చెప్పిన ఊళ్లను రాయమన్నారు, కానీ ఆ ఒక్క జిల్లాలోవి మాత్రమే. "జిల్లాలు పంచుకున్నోళ్లు మమ్ముల అడిగి పంచుకున్నరా?" అన్నారు బాపు. జనగామ ఊళ్లను, భూపాలపల్లి ఊళ్లను ఒక్కొక్కటిగా పేరు పెట్టి తలుచుకుని, "ఉండుండ్రి, మల్ల వస్త" అని వాటికి చెప్పి పక్కన పెట్టారు.

తర్వాతి గడి: ఇదివరకు పొందిన సహాయం వివరాలు. లేదని రాయబోతే ఆయన ఆపారు. "ఊరూరు త్యాగం ఇచ్చిండ్రు గదా. లేదంటె ఆళ్ల ముఖం ఎట్ల సూడాలె?"

కథకుల కుటుంబాల్లో త్యాగం అంటే వదులుకోవడం కాదు. కథ చెప్పించుకున్న కులం వారు కథకుడికి ఇచ్చే ధాన్యం, బట్ట, ఒక్కోసారి మేక. భిక్ష కాదది, హక్కు. ఆ మాట మీద నేను చాలా పేజీలు రాసి ఉన్నాను. గడిలో "వంశపారంపర్యంగా త్యాగం" అని శ్రద్ధగా రాశాను. పక్కన అర్థం రాయాలా అని ఒక క్షణం అనిపించింది. రాస్తే మాటను చిన్నబుచ్చినట్టవుతుందని వదిలేశాను.

కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారులు సహాయాన్ని త్యాగం చేసినట్టు స్వయంగా తెలిపినందున పరిశీలన ముగించడమైనదని అందులో ఉంది. బాపు దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు.

"నేనేం త్యాగం జేసిన బిడ్డా? తీసుకునేటోణ్ని గదా."

తప్పు నాదని చెప్పాను.

"మంచి మాటనే రాసినవ్. ఆళ్ల చెవులకు ఎక్కలే." ఉత్తరం మడతపెట్టి అన్నారు, "గీ ముచ్చట ఎవలకు జెప్పకు. పెద్ద సదువు సదివినవ్, నీకు నామోషి."

ఆ కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాను. అక్కడి గుమస్తా మర్యాదస్థుడు. కుర్చీ చూపించి, "మీరు రాసిందే మేం సదివినం మేడం. మూసిన ఫైలు తెరుసుడు నాతోని కాదు. వచ్చేసారి మల్ల పెట్టుండ్రి" అన్నాడు. వచ్చేసారి ప్రకటన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బాపు బతికున్నంత కాలం ఆయన కోరినట్టే ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

చివరి కథ గూడూరు దగ్గర, ఒక మధ్యాహ్నం. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే చెప్పారు. చిల్లు దగ్గరికి వచ్చేసరికి లేవబోయారు. మోకాళ్లు సహకరించలేదు. వెనక నుంచి ఎండ చిల్లులోంచి దూరి ఆయన ఒళ్లో పడింది. "ఇయ్యాల దేవుడు రాలేడు. మనమే నడుపుకుందాం" అని ముందుకు సాగారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

పదకొండో రోజున వెళ్లాను. జనగామలో ఆటో నడిపే కొడుకు వాకిట్లో నిలబడి ఉన్నాడు. "నాకు వంత వస్తది మేడం. కథ రాదు. నేర్సుకుంట అనుకుంటనే ఉన్న." పటాన్ని వాగులో విడవడానికి కొత్తది లేదు. విప్పి చెప్పడానికి మనిషి లేడు.

బాపు భార్య, అవ్వ, అడిగింది, ఒక్కసారి విప్పమని. కోడలు ఒక కొస, నేను ఒక కొస పట్టుకున్నాం. బొమ్మ తర్వాత బొమ్మ కిందికి దిగింది. చిల్లు దగ్గర అవ్వ చెయ్యెత్తి ఆగమంది. వంత ఎప్పుడూ కథ వెనకే వస్తుంది. ఆమె నోరు తెరిచి, ముందు మాట కోసం చూసినట్టు, అలాగే ఆగింది.

చిల్లులోంచి వెనక గోడ కనిపించింది. గోడకు, ఆయన తలపాగా తగిలించుకునే మేకు.