వెలి అంటే బయట

ఆరో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. బడికే పీడ వదిలిందని మా మాష్టారు అందరితో చెప్పుకునేవారట. అంతటి పండితుణ్ణి మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు, నా పరాచికాలు మితిమీరాయని. తెలుగు ఎమ్మే చదువుతున్న మనవరాలు ఫోన్ చూసి, "నిన్ను వెలేశారు తాతా" అని నవ్వింది. ఆ మాట పుట్టుక కూడా చెప్పింది. వెలి అంటే బయట, అంతేనట. వెలుపల అన్న మాటా అందులోదేనట. మా పల్నాటి నోళ్ళలో అది 'ఎలి'. ఇన్నేళ్ళూ అదేదో శాపం పేరనుకున్నాను. తీరా చూస్తే దిక్కు చెప్పే మాట. నేనూ నవ్వబోయాను గానీ మా మేనత్త గుర్తొచ్చింది.

గురజాల దగ్గర మా ఊళ్ళో అప్పుడు నాకో చిన్న కిరాణా కొట్టుండేది. గట్టు తగాదాలో ఊరి పెద్దగారి కొడుకు ఒక మనిషిని కొట్టడం అత్త చూసింది. కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పింది. మర్నాడే టముకు వేశారు. ఆ ఇంటిని ఎలేశాం, ఎవరూ పలకరించకూడదు, సరుకివ్వకూడదు, మాట మీరితే వాళ్ళకీ అదే. మామయ్య అప్పటికే పోయాడు. ఇంట్లో అత్త, ఆమె కూతురు, అంతే.

మూడో రోజు అత్త కొట్టు ముందుకొచ్చింది. నా జోకులకు ఊరందరికంటే ముందు, కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్విన మనిషి ఆమె. "ఒరేయ్, కిలో ఉప్పియ్యరా" అంది. ఎదురు అరుగు మీద ఊరి పెద్ద మనుషులిద్దరు నన్నే చూస్తున్నారు. నాకో తెలివి తట్టింది. ఆమెతో పలకొద్దన్నారు గానీ కాటాతో పలకొద్దనలేదుగా.

"ఏమే కాటా, ఉప్పయిపోయిందని చెప్పవే" అన్నాను.

అరుగు మీద వాళ్ళు పడీపడీ నవ్వారు. అత్త గుమ్మం పక్కన నిండుగా ఉన్న ఉప్పు బస్తా చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమె కూడా నవ్వుతుందనే అనుకున్నాను, నిజంగా. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే కూతుర్ని తీసుకుని ఊరు విడిచింది. తర్వాత ఆమె పోయిందన్న కబురే వచ్చింది. ఆమె వినగా నేనన్న చివరి మాట అది. అదైనా ఆమెతో అన్నది కాదు.

నిన్న మాచర్లలో ఉన్న అత్త కూతురికి ఫోన్ చేశాను. క్షమించమని అడగడం చేతకాక, మనవరాలు చెప్పిన అర్థమంతా అప్పజెప్పాను. "ఎలి అంటే బయట, అంతేనంట అమ్మాయ్" అన్నాను.



"ఇన్నేళ్ళకి నీకు అర్థం దొరికింది, సంతోషం బావా. మా అమ్మకి ఆ రోజు ఉప్పు దొరకలా."