జగ్గులో లక్ష రొయ్యలు

వెర్నా ట్రెంబాత్‌కి యాభై తొమ్మిదో ఏట గుండె ఒకసారి లయ తప్పింది. పెద్ద ప్రమాదమేమీ లేదు గానీ, వాలరూ ఊరి డాక్టరు ఆవిణ్ణి కూర్చోబెట్టి, మనసుకు నెమ్మదినిచ్చే వ్యాపకం ఏదైనా పెట్టుకోమన్నాడు. ఇంట్లో ఒక చేపల తొట్టె ఉంటే దాన్ని చూస్తూ కూర్చోవచ్చు, ప్రాణానికి హాయిగా ఉంటుందన్నాడు. ఆ డాక్టరు పుట్టి బుద్ధెరిగి ఒక్క చేపను కూడా పెంచి ఉండడని ఆవిడకు రెండు నెలల్లోనే తెలిసిపోయింది.

అంతకుముందు ముప్ఫై ఒక్క ఏళ్లు ఆవిడ రేవు పక్కన ధాన్యం గోదాముల దగ్గర పనిచేసింది. కోతల రోజుల్లో లారీలు బారులు తీరితే, ఇనప మెట్లెక్కి, లోడులో పొడుగాటి గొట్టం గుచ్చి, గోధుమ నమూనా తీసి, జల్లెడ పట్టి, తాలెంతో పురుగెంతో తేమెంతో తేల్చి చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఏడాదంతా ఎండలో మాడి పండించిన పంటను ఒక ఆడమనిషి జల్లెడలో నాలుగుసార్లు ఆడించి తక్కువ రకం అనేసరికి రైతుల నోట వచ్చే మాటలు చర్చిలో చెప్పుకోదగ్గవి కావు. వెర్నా ఆ మాటలన్నీ ఓపిగ్గా విని, "అయిందా? ఇక లారీ ముందుకు తియ్యి. వెనకవాడికి కూడా తిట్టే పనుంది" అనేది.

చేపలు ఆవిడకు మనోలిస్ దగ్గర దొరికాయి. మనోలిస్‌ది బజారు వీధిలో చేపలు, బంగాళాదుంపలు వేయించి అమ్మే కొట్టు. ముందు గదిలో వేయించే చేపలు, వెనక గదిలో పెంచే చేపలు. రెండింటినీ ఒకే ప్రేమతో చూస్తానని చెప్పుకునేవాడు. అతను ఇచ్చినవి చీలితోక నీలికన్ను చేపలు. చిటికెన వేలి కణుపంత ఉంటాయి. పసుప్పచ్చ రెక్కలు విప్పుకుని, వీధి తమదే అన్నట్టు తిరుగుతాయి. అవి గుడ్లు పెట్టాయి. పిల్లలు పుట్టాయి. కనురెప్ప వెంట్రుక కంటే సన్నంగా ఉన్న ఆ పిల్లలు వెర్నా వేసిన పొడి మేత వైపు కన్నెత్తి చూడకుండా, వారం లోపల ఒక్కటి మిగలకుండా చచ్చిపోయాయి.

మనోలిస్ కొట్లో నూనె బాణలి ముందు నిలబడే ఆవిడకు సంగతి విడమరిచి చెప్పాడు. పుట్టిన మొదటి వారం నాచు పట్టిన పచ్చనీళ్లు పోయాలి. తర్వాత నుంచి వాటికి నోటి ముందు కదిలే తిండి కావాలి. చచ్చిన తిండిని అవి తిండి కిందే లెక్కెయ్యవు. దానికి ఉప్పు రొయ్యల్ని మించింది లేదు. అంటూ చిన్న రేకు డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. లోపల మిరియాల పొడిలాంటి గోధుమరంగు గుండ. అంతా గుడ్లేనట. ఎండిపోయి ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయట. ఉప్పునీళ్లు, వెచ్చదనం, గాలి తగిలితే ఒకటిన్నర రోజులో లేచి ఈదుతాయట.

"అన్నేళ్లు పడుకుని మళ్లీ లేస్తాయా?" అంది వెర్నా.

"లేస్తాయి. మీ డెస్ కంటే నయం" అన్నాడు మనోలిస్.

డెస్ ఆవిడ మొగుడు. రేవులో ఓడలకు తాళ్లు కట్టే పనిచేసి మానేశాడు. ఇప్పుడు రేడియోలో గుర్రప్పందేలు వింటూ, కుర్చీకి తనను తాను కట్టేసుకుని ఉంటున్నాడు.

వెర్నా బట్టలుతికే గదిలో పని మొదలుపెట్టింది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి, తలకిందులుగా వేలాడదీసి, ఉప్పునీళ్లు పోసి, మూతిలోంచి గాలిగొట్టం పెట్టింది. మొదటిసారి వెచ్చగా ఉంటుందని వేణ్నీళ్ల బాయిలరుకు ఆనించింది. గుడ్లు ఉడికాయి. రెండోసారి గాలి పంపు మధ్యలో ఆగిపోయి, గుండంతా అడుగున బురదలా కూర్చుంది. మూడోసారి పొదిగాయి. సీసా నిండా నారింజరంగు నలుసులు కుదుపుతూ కుదుపుతూ ఈదుతుంటే వెర్నా డెస్‌ను పిలిచి మరీ చూపించింది. అతను కళ్లజోడు పెట్టుకుని చూసి, ఇది తన చొక్కాల గది అన్న సంగతి గుర్తుచేశాడు.

ఆ సంబరంలో ఆవిడ సీసాలోది ఉన్నదున్నట్టు రెండో విడత చేపపిల్లలకు పోసింది. రొయ్యలతో పాటు ఖాళీ గుడ్ల పెంకులు కూడా వాటి కడుపులోకి పోయాయి. పెంకులు అరగవు. మర్నాటికి పిల్లలన్నీ పొట్టలుబ్బి పైకి తేలాయి. లారీ డ్రైవర్ల తిట్లకు చలించని మనిషి ఆ పూట ఉతికే మిషను మీద మోచేతులు ఆనించి ఏడ్చింది. ఏడుపయ్యాక కోపమొచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లు తాలూ గింజా వేరుచేసి, కాసిన్ని పెంకుల దగ్గర ఓడిపోయానా అనుకుంది.

కిటుకు తెలుసుకోవడానికి వారం పట్టింది. గాలి ఆపేసి, సీసా పైభాగానికి నల్లగుడ్డ చుట్టి, కింద మూతి దగ్గర టార్చి వెయ్యాలి. పది నిమిషాల్లో ఖాళీ పెంకులు పైకి తేలిపోతాయి. ప్రాణమున్నవి వెలుగు కోసం కిందికి దిగి నారింజ మబ్బులా గుమిగూడతాయి. అప్పుడు గొట్టం కాస్త వదిలితే అవే జారి వస్తాయి. వాటిని డెస్ చేతిరుమాలులో వడగట్టి, కడిగి, మిగిలినవి కొద్దిపాటి ఉప్పునీళ్లలో ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు ప్రాణంతో ఉంటాయి. తన రుమాళ్లకు సముద్రం వాసన వస్తోందని డెస్ అంటే, రేవులో ఉన్నన్నాళ్లూ నీ ఒంటికి వచ్చింది, నేనేమైనా అన్నానా అని అడిగింది.

ఆ ఏడు, అంటే ఆవిడ చేపల్లోకి దిగిన మూడో ఏడు, నలభై ఆరు నీలికన్ను పిల్లలు బతికి పెద్దవయ్యాయి. ఈ చేపను అంత సంఖ్యలో పెంచినవాళ్లు ఆ తీరంలో లేరు. వెర్నా వాటిని చేపల క్లబ్బు పెంపకం పోటీకి రాయించడానికి వెళ్లింది.

క్లబ్బు అంటే పదకొండు మంది. నెలకొకసారి బౌలింగ్ మైదానం వెనక గదిలో చేరి, టీ తాగి, లామింగ్టన్ కేకులు తిని, పోట్లాడుకుంటారు. అధ్యక్షుడు క్లైవ్ పోల్కింగ్‌హార్న్. బడి హెడ్మాస్టరుగా దిగిపోయి పన్నెండేళ్లయినా ఇంకా ఎవరినీ కూర్చోమనకుండా మాట్లాడేవాడు కాదు. గోడ మీద ఉత్తమ పెంపకందారుల పేర్లు రాసే చెక్క ఉండేది. అందులో వరసగా పంతొమ్మిదేళ్లు అతని పేరే బంగారు అక్షరాల్లో ఉండేది. రెండేళ్ల కిందట భార్య గ్వెండా పోయాక అతను పోటీకి రావడం మానేశాడు. దిగులు వల్ల అని అందరూ గౌరవించి ఊరుకున్నారు.

వెర్నా కాగితం చదివి అతను కళ్లజోడు తీశాడు. కూల్‌డ్రింక్ సీసాలతో, మూడేళ్ల అనుభవంతో, చీలితోకల్ని నలభై ఆరింటిని పెంచడం జరిగే పని కాదన్నాడు. ఇవి అడిలైడ్‌లో కొన్న చేపలై ఉంటాయని తన అభిప్రాయమన్నాడు. గది మొత్తం టీ కప్పుల్లోకి చూసింది.

"నన్ను దొంగ అంటున్నావా క్లైవ్?" అంది వెర్నా.

"నేను అభిప్రాయం చెప్పానమ్మా."

"శనివారం మా ఇంటికి రా. నీ అభిప్రాయాన్ని కూడా వెంటబెట్టుకురా."

సాక్షిగా మనోలిస్ కూడా రావాలని తీర్మానించారు.

ఆ శనివారం నలభై నాలుగు డిగ్రీల ఎండ కాసింది. పొద్దున్నే వెర్నా రెండు సీసాల రొయ్యల్ని వడగట్టి, ఎండకు చావకుండా పళ్లెంలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. పళ్లెం తన బీరు సీసాలకు అడ్డొస్తోందని డెస్ దాన్ని గాజు జగ్గులోకి ఒంపి తలుపు అరలో పెట్టాడు. ఆ మాట పెళ్లాంతో చెప్పాలని అతనికి తోచలేదు.

అతిథులు మూడింటికి వచ్చారు. వెర్నా పెరటి షెడ్డులో తొట్టెల మీద తడి తువ్వాళ్లు కప్పుతోంది. డెస్ వాళ్లను వంటగదిలో కూర్చోబెట్టి, ఫ్రిజ్‌లో చల్లగా ఏదుంటే అది తీసుకుని తాగండని చెప్పి, రేస్ మొదలవుతోందని ముందుగదిలోకి వెళ్లిపోయాడు. ఎండలో నడిచొచ్చిన క్లైవ్ ముఖం ఎర్రగా కమిలి ఉంది. ఫ్రిజ్ తెరిచి, నారింజరంగు జగ్గు తీసి, పొడుగాటి గ్లాసు నిండా పోసుకుని ఎత్తాడు.

మనోలిస్ అప్పుడే తలెత్తి చూశాడు. ఆపడానికి సగం గ్లాసు ఆలస్యమైందని అతను తర్వాత చెప్పుకున్నాడు. మిగిలిన సగం మాత్రం తన సరదా కోసమే ఊరుకున్నానని ఒప్పుకున్నాడు.

"కాస్త ఉప్పేసినట్టున్నారు" అన్నాడు క్లైవ్, మూతి తుడుచుకుని. "ఈ ఎండకి మంచిదేలే." మర్యాదగా అడుగుదాకా తాగాడు.

వెర్నా లోపలికి వచ్చింది. బల్ల మీద జగ్గును చూసింది. క్లైవ్ మీసాన్ని చూసింది.

"ఎంత తాగావు?"

"ఒక గ్లాసే. బాగుంది. పండు గుజ్జు వడగట్టలేదనుకుంటా, నోటికి గరగరగా తగిలింది."

"అది గుజ్జు కాదు క్లైవ్. ఒక్కోదానికి ఆరేసి కాళ్లుంటాయి."

జగ్గులో మిగిలింది కిటికీ వెలుగు వైపు మెల్లగా జరుగుతుండటం క్లైవ్ అప్పుడు చూశాడు. సింకు దగ్గరికి మనిషి ఎంత హుందాగా పరిగెత్తగలడో అంత హుందాగా పరిగెత్తాడు. ముందుగది నుంచి డెస్, ఎవరైనా చచ్చారా అని అడిగాడు. లక్ష దాకా చచ్చుంటాయని మనోలిస్ జవాబిచ్చి, తన కొట్లో అయితే దానికి నిమ్మబద్ద కూడా ఇచ్చేవాణ్ణన్నాడు.

వెర్నాకు నవ్వొచ్చింది గానీ పూర్తిగా రాలేదు. ఆవిడ జగ్గునే చూస్తూ నిలబడింది. ఈ రంగును, ఈ కదలికను ఒక్కసారి పొదిగించినవాడైనా మర్చిపోడు. పంతొమ్మిదేళ్లు పొదిగించినవాడు దీన్ని పళ్లరసం అనుకుని ఎలా తాగుతాడు? ఆవిడ మనోలిస్‌ను షెడ్డులోకి వెళ్లి చేపపిల్లల్ని లెక్కపెట్టమంది. అతను వెళ్లే దాకా ఆగి, క్లైవ్ చేతికి తువ్వాలు ఇచ్చింది.

"నువ్వు వీటిని ఎప్పుడూ పొదిగించలేదు కదా?"

క్లైవ్ చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. తుడవడానికి ఇంకేమీ మిగలలేదు.

"గ్వెండా చేసేది" అన్నాడు.

అంతా గ్వెండాయే చేసేది. వంటగది అరల్లో సీసాలు, గుడ్లు, పిల్లలు, నీళ్లు మార్చడం, అన్నీ. అతను పుస్తకాలు చదివి క్లబ్బులో ఉపన్యాసాలిచ్చేవాడు. మొదటి ఏడు పోటీ కాగితం మీద అలవాటుగా తన పేరు రాశాడు. సరిచేద్దామనుకున్నాడు. బహుమతి వచ్చాక సరిచెయ్యడం కష్టమైంది. ఆవిడేమీ అనలేదు. ఆవిడ పోయాక తొట్టెలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అయ్యాయి. ఎలా చెయ్యాలో ఆవిణ్ణి ఒక్కసారైనా అడగలేదని చెప్పాడు.

వారమంతా వెర్నా ఈ మనిషి కోసం మాటలు నూరి పెట్టుకుంది. ఇప్పుడవి పనికిరాకుండా పోయాయి. జాలి కలగలేదు, గ్వెండా తరఫున మంట పుట్టింది. తాను క్లబ్బులో చేరిన కొత్తల్లో ఆవిడ కేకులు కోస్తూ ఉండేది. నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలో క్లైవ్ గంభీరంగా చెబుతుంటే, కత్తి ఆపకుండానే, "ఇరవై ఎనిమిది, క్లైవ్" అని సరిదిద్దింది. అందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వింది. అది గుర్తొచ్చి తన మీద తనకే చిరాకేసింది.

"చెక్క మీద ఆవిడ పేరు రాయించు" అంది.

"జనం నవ్వుతారు వెర్నా."

"ఇప్పటికే మనోలిస్ చూశాడు. ఎలాగూ నవ్వుతారు. దీనికి కూడా కలిపి ఒకేసారి నవ్వుతారులే."

సోమవారానికి ఊరు ఊరంతా నవ్వింది. మనోలిస్ కొట్లో నారింజ కూల్‌డ్రింక్ అడిగినవాళ్లను, కాళ్లున్నదా లేనిదా అని అడిగేవాడు. క్లైవ్ రెండు వారాలు బజారుకు రాలేదు. అధ్యక్షపదవి వదిలేస్తాడనుకున్నారు. కానీ తర్వాతి సమావేశానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, జీవితంలో మొదటిసారి రెండు నిమిషాల్లో ముగించాడు. వెర్నా చేపలు ఆవిడ పెంచినవే అన్నాడు. ఆ పంతొమ్మిదేళ్ల బహుమతులు గ్వెండావి అన్నాడు. కూర్చున్నాడు.

ఆడవాళ్లెవరూ ఆశ్చర్యపోకపోవడం అతన్ని ఎక్కువ బాధపెట్టింది. కార్యదర్శి భార్య, ఆ సంగతి మాకు తెలుసుగా అంది. గ్వెండా పొదిగించిన రొయ్యలు ఎక్కువైతే జాము సీసాల్లో పోసి నాలుగిళ్లకు పంచేదట. సగం క్లబ్బు చేపలు ఆవిడ పెట్టిన తిండి తిని పెరిగినవేనట. మొగుళ్లకే తెలియదు.

చెక్క దించి అక్షరాలు మార్చారు. ఆ ఏడు పోటీలో వెర్నా నీలికన్నులకు రెండో స్థానం వచ్చింది. మొదటిది మనోలిస్ పెంచిన, ఎవరికీ కనబడకుండా రాయి కింద దాక్కున్న చేపకు పోయింది. న్యాయనిర్ణేత రాయికి బహుమతి ఇచ్చాడని వెర్నా అతని ముఖం మీదే అంది.

గురువారాలు క్లైవ్ ఆవిడ ఇంటికి పొదిగించడం నేర్చుకోవడానికి రావడం మొదలుపెట్టాడు. అంత చెడ్డ శిష్యుణ్ణి ఆవిడ ఎక్కడా చూడలేదు. ఉప్పు కొలవమంటే ఉప్పు చరిత్ర చెప్పేవాడు. "పాఠం ఆపి గాలి ఆపు" అని ఆవిడ అరవాల్సివచ్చేది. ఒక గురువారం టార్చి వేసి, బట్టలుతికే గదిలో ఇద్దరూ వంగి చూస్తుంటే, అతని సీసాలో మబ్బు దిగింది. మెల్లగా, కుదుపుతూ, వెలుగు దగ్గర చిక్కబడింది. క్లైవ్ గొట్టం పట్టుకుని ఇంకాస్త కిందికి వంగాడు. తర్వాత అడిగాడు, గ్వెండా వీటిని రోజూ చూసేదా అని.

"రోజూ చూసే ఉంటుంది" అంది వెర్నా. "గొట్టం వదులు. వాటికి ఆకలి తెలుసు గానీ నీ దిగులు తెలీదు."

అతను వదిలాడు. డెస్ రుమాలు పట్టాడు. రుమాళ్లు ఎటూ పోయాయి కదా అని అతను కూడా ఈ మధ్య గురువారాలు గదిలోకి వస్తున్నాడు.