ఉగ్గుగిన్నెడు స్లొవేనియా

ఇప్పుడంటే నేను నోరు తెరవకముందే ఎదుటివాళ్ళు "సరేలే తల్లీ" అని తప్పుకుంటున్నారు గానీ, రాష్ట్రం విడిపోయిన ఆ కొత్తలో నా వాదనలకు ఇంట్లో చిల్లిగవ్వ విలువ ఉండేది కాదు. నన్ను చూడవచ్చిన పులివెందుల సంబంధం వాళ్ళతో కాఫీలో చక్కెర మీద వాదించి సంబంధం పోగొట్టుకున్నాక (తప్పు వాళ్ళదే, ఇప్పటికీ అదే అంటాను), ఎంఏ చదివి ఖాళీగా ఎందుకని గండికోటలో ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి కుదిరాను. జమ్మలమడుగులో బట్టల అంగడి నడిపే మా నాయనకు అది ససేమిరా ఇష్టం లేదు. "తాగేవోళ్ళు వచ్చే చోటది. ఆ వాసన ఒక్కనాడు ఇంటికొచ్చిందా, మరుసట్నాడు నువ్వు అంగట్లో రవికె గుడ్డలు చించుతా కూచుంటావు" అన్నాడు. మా ఇంట్లోనే ఉండే ఆయన అక్క, అంటే మా మేనత్త, మధ్యలో దూరి ఎలాగో ఒప్పించింది.

చేరిన రెండో నెలలో స్లొవేనియా నుంచి ఒక ముసలి దంపతులు దిగారు. మనకు పులివెందుల దిక్కు చీనీ తోటలున్నట్టు, వాళ్ళకు ఊరి కొండల నిండా ద్రాక్ష తోటలట. లోయ చూడబోయి ఎండకు సొమ్మసిల్లిన ఆ పెద్దాయనకు తలమీద తడిగుడ్డ వేసి, రెండు గ్లాసుల మజ్జిగ తాగించాను. పోయేరోజు ఆయన ఒక సీసా నా చేతిలో పెట్టాడు. వాళ్ళ తోటలోదే, తెల్ల వైను, ఓక్ కట్టె పీపాలో రెండేళ్ళు ఊరిందట. (పేరుకు తెల్లదే గానీ రంగు పసుపు నీళ్ళు.) వద్దంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత మనిషి ఇచ్చింది పారేయలేక బ్యాగులో చీర కింద కుక్కి ఇల్లు చేరాను.

అన్నం క్యారియర్ కోసం బ్యాగు తెరిచింది అత్త. "ఏందే ఇది?"

"ద్రాక్షాసవం అత్తా. మోకాళ్ళ నొప్పులకు" అన్నాను. ద్రాక్షపండ్లే కదా, కట్టె పీపాలో ఊరిందే కదా, నేను ఆడింది అబద్ధం కాదని ఏ కోర్టులోనైనా వాదించగలను.

"ప్రొద్దుటూరు మందులంగట్లో ఇట్లాంటిది చూడలేదే" అంటూ ఆమె పప్పుగుత్తి కాడతో బిరడాను లోపలికే దిగ్గొట్టింది. ఆ రోజు నుంచి రెండు పూటలా అన్నం తిన్నాక, నన్ను పెంచిన ఉగ్గుగిన్నెతోనే కొలిచి, సమానంగా నీళ్ళు కలిపి, కళ్ళు మూసుకుని తాగేది. నేను మాత్రం గిన్నె చప్పుడైతే చాలు, రవికె గుడ్డలు కళ్ళముందుకు తెచ్చుకునేదాన్ని.

నాలుగోనాడు నాయన భోజనం ముగిస్తూ ముక్కు ఎగబీల్చాడు. "ఏందక్కా అది, వాసన ఒక మాదిరిగుండాది?"

"ద్రాక్షాసవంరా."

"నాకూ రొంత పొయ్యి. పొట్ట శానా ఉబ్బరంగా ఉండాది."

అత్త తొణకలేదు. "ఇది ముట్లుడిగిన ఆడోళ్ళకు ఇచ్చేది. కావాలంటే పోస్తా, తర్వాత నన్ను అడగొద్దు" అంది. నాయన వాము నమిలి లేచిపోయాడు.

రెండు వారాలకు సీసా ఖాళీ అయింది. అత్త దాన్ని కడిగి, దీపాలకని అందులో నువ్వుల నూనె పోస్తూ నావైపు చూడకుండానే అంది: "ఆసవమైతే బెల్లం తీపి, లవంగం ఘాటు ఉంటాది. ఇది కాలిన కట్టె నాకినట్టుండె. మొదటి గుక్కకే తెలిసిందిలే."

"మరి అంతా ఎందుకు తాగినావత్తా?"

"మోరీలో పోస్తే వీధంతా కొడతాది. మీ నాయన ముక్కు నీకు తెల్దా? ఉద్యోగం ఇప్పించింది నేను, నిలబెట్టొద్దా? చివరి నాలుగు రోజులైతే పులిసిపోయి ఒట్టి చింతపులుసే."

ఇప్పుడు అదే హోటల్‌కు మేనేజర్‌ని, అత్త లేదు, ఆ సీసాలో నూనె మాత్రం నేను పోస్తున్నాను. ఆ రెండు వారాల్లో మోకాళ్ళు నిజంగానే తేలికపడ్డాయని ఆమె చివరిదాకా వాదించింది. నా జీవితంలో ఎదురు చెప్పకుండా వదిలేసిన వాదన అదొక్కటే.