రాడ్ల కింద రాళ్లు

2012లో నేను అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకునేవాణ్ణి. సివిల్ డిప్లొమా ఉండటంతో, చిక్కడపల్లిలో ఒక గల్లీకి సిమెంటు రోడ్డు వేస్తున్న కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌గా చేరాను.

సిమెంటు రోడ్డును పలకలుగా పోస్తారు. ఒక పలకలోంచి పక్క పలకలోకి వెళ్లేలా నున్నటి ఇనుప రాడ్లు పెడతారు. బండ్ల బరువును రెండు పలకలూ పంచుకునేది వాటి వల్లే. అవి వంకర పోకుండా కింద ఇనుప చైర్లు, అంటే చువ్వలు వంచి చేసిన ఆసరాలు, ఉండాలి. ఆ రోజు కాంక్రీటు బండి వచ్చింది, చైర్లు రాలేదు.

మేస్త్రీ పాలమూరు మనిషి, అరవై దాటినవాడు. "సార్, చైర్లు లేకుంటే రాడ్లు ఆగవు. మీద కాంక్రీటు మాల్ పడంగనే అటొకటి ఇటొకటి తిరుగుతయి. బండి వాపస్ పంపుర్రి" అన్నాడు.

కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. "రాళ్లు పెట్టి పొయ్యమను" అని పెట్టేశాడు. అదే మాట మేస్త్రీకి చెప్పాను. ఆయన ఒక్కో రాడ్డు కింద కంకర రాళ్లు పేర్చాడు. కాంక్రీటు పడుతుంటే ఒక రాడ్డు కొస పైకి లేవడం నేను చూశాను. చూసి, తల తిప్పుకున్నాను.

ఎండాకాలం వచ్చేసరికి అతుకుల దగ్గర రోడ్డు పగిలింది. అధికారులు వచ్చి తవ్విస్తే రాడ్లన్నీ వంకరగా బయటపడ్డాయి.

"పని రానోన్ని పెట్టుకున్న, నాదే తప్పు" అన్నాడు కాంట్రాక్టరు, మేస్త్రీని చూపిస్తూ.

"ఆ దినం సార్ గూడ ఉండె. సార్‌నే అడుగుర్రి" అన్నాడు మేస్త్రీ.

అందరూ నా వైపు చూశారు. "నేను అప్పుడు జర అటు దిక్కు పోయిన" అన్నాను.

మేస్త్రీ తాపీ కడుక్కుని, సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకు నేనూ ఆ పని మానేశాను. చదువు మీద మనసు నిలవలేదు. పొద్దున్నే ముషీరాబాద్ లేబర్ అడ్డా దగ్గర ఆయన కోసం వెతికేవాణ్ణి. చాలా రోజులకు ఆయన ఊరివాడొకడు కనిపించి, కాచిగూడలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా పోయిండని చెప్పాడు.

వెళ్లాను. గుర్తుపట్టి, తాను కూర్చున్న స్టూలే నాకిచ్చాడు.

"కాకా, ఆ రోజు నేను అబద్ధం చెప్పిన."

"ఎరికే సార్. నౌకరి వచ్చిందా?"

"రాలే."

"వస్తది, చదువుకోర్రి" అన్నాడు. ఇంతలో బయట కారు హారన్ మోగితే గేటు తెరవడానికి వెళ్లాడు. కారు లోపలికి వచ్చాక కూడా అక్కడే, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కాసేపు చూసి నేను లేచి వచ్చేశాను.