ఎర్ర వైరు మైనస్‌కి

అత్వెల్లిలో నాకు స్పీకర్లు కట్టడం నేర్పిన చాచా పోయారు. దుండిగల్‌లో కాలేజీ బయట బస్సు కోసం నిలబడి ఉండగా ఆయన భార్య, చాచీ, ఫోన్ చేసి చెప్పింది. ఆమె ఏడవలేదు. "ఒక్క స్పీకర్ డబ్బానే అయింది బేటీ. రెండోది నువ్వు జేస్తవా, పాత సామాన్లోళ్లకు ఇయ్యాల్నా?" అని అడిగింది. నేనే చేస్తానన్నాను.

ఆ జత చాచీ కోసమే. చూపు తగ్గాక ఆమెకు రేడియోయే తోడు. వార్తల్లో మాటలు సరిగా అందడం లేదని ఆమె విసుక్కుంటే చాచా ఈ పని మొదలుపెట్టారు.

నేను మొదట ఆయన దుకాణానికి వెళ్లింది 2012 వేసవిలో, కాలేజీ ప్రాజెక్టు కోసం. సన్నని శబ్దాలను చిన్న ట్వీటర్‌కూ, లావు శబ్దాలను పెద్ద వూఫర్‌కూ పంచే సర్క్యూటే క్రాసోవర్. కాయిల్ ఎంత, కండెన్సర్ ఎంత అని నోట్‌బుక్కులో లెక్కగట్టి తీసుకెళ్లేదాన్ని. ఆయన చూసి, "లెక్క మంచిగున్నది. ఇగ మాట్లాడు" అనేవారు. పాట పెట్టి ఎన్నడూ పరీక్షించలేదు. పాట మోసం చేస్తుందట, మనిషి గొంతు చేయదట. నేను మైకులో పేపరు చదవాలి. ఆయన గడప మీద, రోడ్డుకు వీపు పెట్టి, కళ్లు మూసుకుని వింటారు. కరెంటు పోతే వచ్చేదాకా అట్లాగే నిలబడేవారు. అట్లా చదివీ చదివీ, 'వర్షం' అన్నప్పుడు షకారం ట్వీటర్‌లో రాలడం, మిగతా మాట వూఫర్‌లో నిలవడం నాకు వినిపించసాగింది. మాటల మీద నా ప్రేమ అక్కడే పుట్టింది.

ఒకరోజు ఆయన నమాజుకు వెళ్లారు. చాచీ కోసం చేసిన మొదటి డబ్బాలో ట్వీటర్ వైర్లు తారుమారుగా కనిపించాయి. ప్లస్‌కి ఉండాల్సిన ఎర్రది మైనస్‌కి ఉంది. పొరపాటనుకుని, కాస్త గర్వంగానే, విప్పి మార్చి అతికించాను. ఆయన వచ్చి చదవమన్నారు. నాలుగు వాక్యాలకే కళ్లు తెరిచారు.

"గొంతు నడుమ ఎవరో గుంత తవ్విన్రు."

నేనే అని ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. సోల్డరింగ్ ఐరన్ నా చేతికే ఇచ్చారు. "గీ సర్క్యూట్ల ట్వీటర్ ఎదురు నడుస్తది బిడ్డా. నువ్వు వైర్ తిప్పి పెడితెనే వూఫర్ తోటి కలుస్తది. నీ పుస్తకంల గూడ ఉంటది, జూడు."

ఇంటికెళ్లి చూశాను. ఉంది, నేను దాటేసిన పేజీలో.

ఆయన పోయాక వారం రోజులు కాలేజీ నుంచి నేరుగా దుకాణానికే వెళ్లాను. సగం చుట్టిన కాయిల్ బల్ల మీదే ఉంది. మిగతా సగం చుట్టాను. మొదటిదానితో సరిపోలక రెండుసార్లు విప్పాను, మళ్లీ చుట్టాను. చివర్లో ఎర్ర వైరును మైనస్‌కి అతికించాను.

నిన్న రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి మైకు పట్టుకున్నాక గుర్తొచ్చింది, వినడానికి ఆయన లేరని. చాచీ గోడ పట్టుకుని నడిచి వెళ్లి గడప మీద నిలబడింది. నేను చదవడం మొదలుపెట్టాను. రెండో వార్త మధ్యలో ఆగిపోయాను.

"ఎందుకు ఆపినవ్? మాట సాఫ్‌గ అందుతాంది. సదువు."

చదివాను. వెనక రోడ్డు మీద లారీ పోతే దుమ్ము లేచి ఆమె కొంగు మీద పడింది. ఆమె కదల్లేదు. చూపు అంతంతమాత్రమైన ఆ కళ్లు కూడా మూసుకునే ఉన్నాయి.