పొరల బాబాయి చేతులు

అయస్కాంతానికి లొంగే లోహపు పొర ఒకటి, దాని మీద రాగి పొర, ఆపైన మళ్ళీ ఆ లోహమే. వెంట్రుకను నిలువునా ముప్పై వేల చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతో, ఆ రాగి పొర అంత. అయస్కాంతం దగ్గరికొస్తే ఈ పొరల్లో కరెంటుకు నిరోధం మారుతుంది. ఆ మార్పును బట్టే బండి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతారు. ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా పలకల మీద ఆ పొరలు పరిచే యంత్రం దగ్గరే ఉన్నాడు గనక ఆయన్ని అందరూ పొరల బాబాయి అనేవారు.

ఆయన పొరలు పరిచిన పలకల్ని కొలిచేది అక్కడే పనిచేసే ఒకామె. పలక ముక్కను సూదుల కింద పెట్టి, కుడిచేత్తో మీట నొక్కి పట్టుకుని, అంకె రాసుకోవాలి. ఆమె మధ్యాహ్నపు డబ్బా చల్లారకుండా బాబాయి రోజూ తన యంత్రంలోంచి గాలి లాగే పంపు మీద పెట్టేవాడు.

"వేడి ఊరికే పోతోంది కదమ్మా, పంపుకీ కాస్త పుణ్యం దక్కనీ" అనేవాడు.

ఒక నెల అంకెలు గాడి తప్పాయి. అయస్కాంతం పెట్టకముందు సున్నా దగ్గర నిలవాల్సినవి పక్కకు జరుగుతున్నాయి. పలకలు గంపలకొద్దీ పక్కన పడేశారు.

"బాబాయికి చూపు ఆనట్లేదు, మందం తప్పుతోంది" అన్నాడు సూపర్‌వైజరు. యంత్రం దగ్గర్నుంచి ఆయన్ని సామాన్ల గది పనికి మార్చారు. బాబాయి తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ నెల మొదట్లోనే ఆమె అత్తగారు తన చేతికున్న అయస్కాంతపు పూసల పట్టీ విప్పి కోడలి కుడిచేతికి కట్టింది. "మీటలు నొక్కీ నొక్కీ చెయ్యి పడిపోతుందే! నా మాట విను, నొప్పి లాగేస్తుంది." ఆ ప్రేమను కాదనలేకపోయింది. అయస్కాంతాలు తేకూడదని తలుపు మీదే రాసి ఉంది. ఇంత చిన్న పూసలు ఏం చేస్తాయిలే అనుకుని గ్లవ్ కింద దాచుకుంది.

ఒక ఉదయం పట్టీ దారం తెగితే పూసలు ఏరి సంచిలో వేసుకుంది. ఆ రోజు అంకెలు సరిగ్గా వస్తుంటే అనుమానమొచ్చి, పడేసిన ముక్కల్ని మళ్ళీ కొలిచింది. అవీ సరిగ్గా పలికాయి. సంచిలోంచి పూసలు తీసి దగ్గర పెట్టి చూసింది. అంకె పక్కకు జరిగింది.

మూడు రోజులు సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా పనికి వచ్చి వెళ్ళింది. సామాన్ల గదిలోంచి ఆవరణ దాటి వచ్చి మరీ ఆయన ఆమె డబ్బాను పంపు మీద పెట్టి వెళుతుంటే, మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్ళేది. నాలుగో రోజు దేవుణ్ణి తలుచుకుని సూపర్‌వైజరు ముందు అంతా చెప్పేసింది. పడాల్సిన చీవాట్లన్నీ పడి, సామాన్ల గదికి పరుగెత్తింది.

"బాబాయ్, తప్పు మీది కాదు. నాది."

పూసల సంగతంతా విని ఆయన అడిగాడు. "అయితే పొరలు బాగానే పడ్డాయా?"

"అన్నీ బాగున్నాయి బాబాయ్."

"పిచ్చిదానా, ఏడవకు. అత్తగారిని ఏమీ అనకు."

మర్నాడే ఆయన్ని మళ్ళీ యంత్రం దగ్గరికి పిలిచారు. ఆయనలో కోపం మచ్చుకైనా లేదు. కానీ ఒకప్పుడు పలక ఇచ్చి వెనక్కి చూడకుండా వెళ్ళే మనిషి, ఇప్పుడు అంకె వచ్చేదాకా ఆమె కుర్చీ వెనకే నిలబడుతున్నాడు.

"ఇంకోసారి చూడమ్మా. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

అక్కర్లేదని ఆమెకు తెలుసు. అయినా ముక్కను మళ్ళీ సూదుల కింద పెడుతుంది.