ఏడాది వెళ్ళని ఇంటి సమ్మక్క

కాశిబుగ్గలో వెంకట్రాజం గురించి చెప్పుకొనే మాటల్లో సగం అబద్ధాలు. మిగిలిన సగం ఇంకా ముద్దొచ్చే అబద్ధాలు. పవర్‌లూమ్ ముందు నిలబడే నిద్రపోతాడనీ, పోగు తెగితే నిద్రలోనే ముడి వేస్తాడనీ అంటారు. ఓసారి షెడ్డు పైరేకు ఊడి పక్క మగ్గం మీద పడితే వాడకట్టంతా ఉరికొచ్చిందట, ఆయన మాత్రం కదల్లేదట. తర్వాత కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగిపోయాక ఉలిక్కిపడి, "ఏందిరా గా సప్పుడు?" అని అడిగాడట.

ఈ కథలు చెప్పి అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన భార్య పద్మలత. సగం కథలు పుట్టించింది కూడా ఆవిడే. పోయిన ఆషాఢంలో జ్వరం ముదిరి, పెద్ద దవాఖానాలో చనిపోయింది. ఆ తర్వాత అబద్ధాలన్నీ నిజమైపోయాయి. వెంకట్రాజం నిలబడి నిద్రపోతున్నట్టే బతకసాగాడు. ఏడవలేదు. చుట్టాలు వచ్చి ఏడ్చారు, ఆయన ఏడవడం లేదని మరికాస్త ఏడ్చి వెళ్ళారు. కర్మకాండలు ఎక్కడ చేద్దామన్నా, కూర ఏం వండాలన్నా, ఆయన నోట ఒకటే మాట: "మీ ఇష్టం."

ఇంట్లో ఇష్టాలన్నీ అందుకే ఆయన తల్లి మొగిలమ్మవి అయ్యాయి. చావు జరిగిన ఇంటికి ఏడాది వెళ్ళేదాకా పండుగ లేదు, గుడి మెట్టు లేదు, దేవుడి పేరున దేన్నీ ముట్టడం లేదు. బతుకమ్మ పేర్చలేదు. దీపావళికి వీధి మొత్తం వెలిగితే వీళ్ళ వాకిలి ఊడిన పన్నులా నల్లగా ఉంది. ఇప్పుడు మేడారం జాతర ముంచుకొచ్చింది. రెండేళ్ళకోసారి వచ్చే జాతర. వాడంతా బస్సులు మాట్లాడుకుంటూ, సమ్మక్క తల్లికి సమర్పించే బెల్లం కొనుక్కుంటూ హడావిడిగా ఉంది. ఆ బెల్లాన్ని ఎవరూ బెల్లం అనరు, బంగారం అంటారు. కోడలు దవాఖానాలో ఉన్నప్పుడు ఆమె ఎత్తు బంగారం తూచి ఇస్తానని మొగిలమ్మ సమ్మక్కకు మొక్కుకుంది. కోడలు బతకలేదు. ఆ మొక్కు ఏమైనట్టో మొగిలమ్మ ఎవరినీ అడగలేదు.

సరిగ్గా అప్పుడే సర్కారు బడిలో హెడ్మాస్టరు రాజేశ్వర్ రావుకు ఒక ఆలోచన వచ్చింది. ఏటా రిపబ్లిక్ డేకి అవే వేషాలు: వైరు కళ్ళద్దాల గాంధీ తాత, కాగితం కిరీటం భరతమాత, అట్టకత్తి రుద్రమదేవి, అట్టకిరీటం ప్రతాపరుద్రుడు. ఈసారి జెండా పండుగ అయిన రెండు రోజులకే జాతర. సమ్మక్క నాటకం వేయిస్తే పిల్లలూ వస్తారు, తల్లులూ వస్తారు. తల్లిదండ్రుల మీటింగులో ఆ మాట బయట పెట్టగానే గోల మొదలైంది.

"సర్కారు బడిల దేవుని నాటకమేంది సార్? రేపు ఇంకొకలు ఇంకో దేవున్ని పట్టుకొస్తరు. ఎవల్ని ఆపుతరు?" అని ఆటో నడిపే ఉపేందర్ లేచాడు.

"దేవుడు కాదయ్యా, పాఠం. కరువులో పన్ను కట్టమన్న రాజు మీద తిరగబడ్డ వీరవనిత" అన్నాడు హెడ్మాస్టరు.

"వనిత గినిత అనకుండ్రి సార్, కండ్లు పోతయి. తల్లి గద్దె మీద ఉంటది. స్టేజి మీదికి ఎవలు పడితె వాళ్ళు కట్టుకొచ్చే వేషమా ఆమెది?" అంది వెంకట్రాజం ఎదురింటి శ్యామలమ్మ.

ఒకరికి మరీ దేవతైపోయింది, ఇంకొకరికి చాలినంత దేవత కాలేదు. పాపం రాజేశ్వర్ రావు ఇద్దరికీ ఒకే సమాధానం చెప్పాడు: పసుపు వద్దు, కుంకుమ వద్దు, కొబ్బరికాయ వద్దు, అన్నీ డ్రాయింగు రంగులే. నాటకం చివర "జై హింద్". దాంతో ఇద్దరూ సమానంగా అసంతృప్తి చెంది కూర్చున్నారు.

సమ్మక్క వేషానికి తెలుగు టీచరు విజయశ్రీ ఎంపిక వెంకట్రాజం కూతురు తేజస్వి. పొడుగరి. పైగా మగ్గాల మధ్య పుట్టిన పిల్ల, గుసగుసలాడినా మూడు గదులకు వినిపిస్తుంది. మైకు ఖర్చు కూడా ఉండదు. ఒప్పించడానికి టీచరు ఒక సాయంత్రం ఇంటికే వచ్చింది.

మొగిలమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, "కాదు బిడ్డా, ఏడాది ఎల్లలే" అంది. ఆ మాట తర్వాత ఇంకేమీ ఉండదన్నట్టు చెంబు లోపల పెట్టేసింది.

"ఇది పూజ కాదమ్మా, చరిత్ర. పుస్తకంలో పాఠం లాంటిదే" అంది విజయశ్రీ. "మీరేమంటారు వెంకట్రాజం గారూ?"

"మీ ఇష్టం మేడం" అన్నాడు వెంకట్రాజం.

తేజస్వి తలుపు వెనక నుంచి బయటికి వచ్చింది. "వాళ్ళ ఇష్టం కాదు బాపూ. నువ్వు చెప్పు. వెయ్యాల్నా, వద్దా? అమ్మ పోయిన కాన్నుంచి ఈ ఇంట్ల నేను చేసే పని ఒక్కటన్న ఉన్నదా? పాట పెట్టద్దు, పువ్వు పెట్టద్దు. గిది గూడ పోతే నేను ఇంక బడికే పోను."

వీధి చివరిదాకా వినిపించింది. వెంకట్రాజం కూతురి ముఖంలోకి చూశాడు. చాలా రోజుల తర్వాత చూశాడు. దవడ తల్లిది. ఆ సంగతి ఎవరో చెబితే విన్నట్టు తెలిసింది గానీ గుండెలో ఎక్కడా తగల్లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లి చూసుకుంటే గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి ఉండదు. అట్లా ఉంది. అయినా ఆ పిల్లకు జవాబు ఇవ్వాలి.

"పదకొండో దినం తెల్లారి బడికి పోయింది గదనే అవ్వా. అప్పుడు బడికి మైల తాకలే. ఇప్పుడెట్ల తాకుతది?" అన్నాడు తల్లితో.

"అప్పుడు బడికి పోయింది తేజస్విరా. ఇప్పుడు పోయేది సమ్మక్క."

అయినా వెంకట్రాజం "వెయ్యనియ్యి" అన్నాడు. ఎందుకన్నాడో అడిగితే చెప్పలేడు.

మొగిలమ్మ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, "తల్లికి కోపమొస్తె నా మీదికి రానియ్యి, పోరి మీదికి కాదు" అని గోడతో అన్నట్టు అంది.

జనవరి ఇరవై ఆరున జెండా ఎగిరింది, చాక్లెట్లు పంచారు, ఉపన్యాసాలు చెప్పాల్సినవాళ్ళు చెప్పారు. బడి ఆవరణ తల్లులతో నిండిపోయింది. సగం మంది జాతర బజారు చేసుకొని అటునుంచి అటే వచ్చారు, బంగారం సంచులతోనే. వెంకట్రాజం గోడ పక్కన నిలబడ్డాడు. మొగిలమ్మ మాత్రం లోపలికి రాలేదు. శుభం జరిగే చోట తన కాలు పడకూడదని గేటు అవతల, రోడ్డు మీదే ఆగిపోయింది.

నాటకం మొదలైంది. తొమ్మిదో తరగతి మహిపాల్ ప్రతాపరుద్ర మహారాజు. పోయినేడు ఇదే అట్టకిరీటంతో ఢిల్లీ సైన్యాన్ని ఎదిరించి ఆవరణ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టించుకున్నాడు. ఈ ఏడు అదే కిరీటంతో కప్పం అడిగేసరికి, "నీ మొగం మీద కొట్ట, కరువుల కప్పమేందిరా?" అని ముందు వరుసలోంచే తిట్లు పడ్డాయి. తానేం తప్పు చేశాడో తెలియని మహారాజు మీసం చెమటకు కారిపోయింది.

యుద్ధం వచ్చింది. ఇక్కడే హెడ్మాస్టరు ఊహించని పొరపాటు జరిగింది. పసుపు కుంకుమలన్నీ ఆపగలిగాడు గానీ డోలు సంగతి మరిచిపోయాడు. బడి బ్యాండుకు ఉన్న డ్రమ్ము చినిగిపోయిందని, డోలు కొట్టే సమ్మయ్యను పిలిపించారు. యుద్ధం సీనులో గట్టిగా కొట్టమన్నారు. సమ్మయ్యకు సమ్మక్క పేరు మీద తెలిసిన దరువు ఒక్కటే. జాతరలో తల్లి గుట్ట దిగి గద్దెకు వచ్చేటప్పుడు కొట్టేది. ఆయన కళ్ళు మూసుకొని అదే ఎత్తుకున్నాడు.

ఆ దరువు పడగానే కూర్చున్న ఆడవాళ్ళు నాటకం మరిచిపోయారు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరో జుట్టు విరబోసుకొని ఊగసాగారు. స్టేజి మీద విల్లు పట్టుకొని, ముఖానికి పసుపు రంగు పూసుకొని, పొడుగ్గా నిలబడిన పిల్ల, వెంకట్రాజం కూతురు కాకుండా పోయింది.

"కూర్చోండమ్మా, ఇది నాటకం! పాఠం!" అని హెడ్మాస్టరు మైకులో అరిచాడు. ఎవరూ వినకపోయేసరికి ఆఖరి అస్త్రంగా "జై హింద్!" అన్నాడు. పిల్లలు అలవాటు కొద్దీ "జై హింద్" అన్నారు. తల్లులు "సమ్మక్క తల్లికి జై" అన్నారు. రెండూ కలిసి ఏ పుస్తకంలోనూ లేని ఒక నినాదం అయ్యాయి.

నాటకంలో చివరికి గాయపడిన సమ్మక్క స్టేజి దిగి, జనం మధ్య నుంచి వెనక్కి చూడకుండా గేటు దాకా నడిచి గుట్టలో కలిసిపోవాలి. తేజస్వి భయపడ్డా నేర్పినట్టే దిగింది. ఆడవాళ్ళు రెండు పాయలుగా విడిపోయి దారి ఇచ్చారు. కాళ్ళ ముందు మొదట బంగారం పెట్టింది శ్యామలమ్మే. ఎవరు పడితే వాళ్ళు వేషం కట్టకూడదన్న శ్యామలమ్మే.

"ఆ ఇంటికి ఏడాది ఎల్లలే గదనే" అని పక్కనున్నామె గుర్తు చేసింది.

"నోర్ముయ్యి. తల్లికి మైలేంది?" అంది శ్యామలమ్మ, చెంపలు వేసుకుంటూ.

గేటు దగ్గర మొగిలమ్మ ఉంది. పిల్ల తన వైపే రావడం చూసి, తన నీడ ఆమె మీద పడుతుందేమోనని గోడకు అతుక్కుపోయి కొంగుతో ముఖం కప్పుకుంది. వెంకట్రాజం జనాన్ని తప్పించుకొని అటు నడిచాడు. తల్లి పడిపోతుందేమోనని పట్టుకోబోయాడు. ఈలోపే మొగిలమ్మ కొంగు తీసి, మనవరాలి కాళ్ళ దగ్గర కూలబడింది.

"మొక్కుకున్న గద తల్లీ" అంది. "నిలువెత్తు ఇస్తనంటి గద. నా కోడలిని ఎందుకు తీస్కపోయినవు?"

డోలు ఆగింది. ఈ మాటకు నాటకంలో జవాబు రాసి లేదు. తేజస్వి గేటు వైపు చూసింది, టీచరు వైపు చూసింది. విల్లు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. తర్వాత కిందికి వంగి, తనకు చేతనైనంత మెల్లగా చెప్పింది. అది ఆవరణ అంతా వినిపించింది.

"నాకు తెల్వదు నానమ్మా."

మొగిలమ్మ తలెత్తి చూసింది. దవాఖానాలో డాక్టర్లు ఏదో చెప్పారు. అయ్యగారు గ్రహాలన్నాడు. చుట్టాలు రాత అన్నారు. తెలియదని చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. "సరే తల్లీ" అంది ముసలామె.

వెంకట్రాజం అక్కడే నిలబడ్డాడు. ఇప్పుడైనా ఏడుపు వస్తుందని అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది. ఆయన కూడా ఎదురు చూశాడు. రాలేదు. శ్యామలమ్మ వచ్చి ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

"మేము ముట్టద్దు అక్కా" అన్నాడు.

"నీ బిడ్డ కాళ్ళ కాడి బంగారం. నువ్వు ముట్టకపోతె ఎవలు ముడుతరు? తిను తమ్మీ."

నోట్లో వేసుకున్నాడు. తియ్యగానే ఉంది.

హెడ్మాస్టరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "చూశావా వెంకట్రాజం, ఎంత పనైందో! రేపు ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి? పైగా చివర్లో డైలాగు కూడా మార్చేసింది. 'నాకు తెల్వదు' అని ఎక్కడుంది మన నాటకంలో?"

"లేదు సార్" అన్నాడు వెంకట్రాజం. "గని అబద్ధం చెప్పలే."

రాజేశ్వర్ రావు ఇంకేదో అనబోయి, స్టేజి మీద సర్టిఫికెట్లు పంచడం మొదలైందని గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తాడు.

జనం పలచబడ్డాక వెంకట్రాజం బడి వెనక నల్లా తిప్పి పట్టుకున్నాడు. తేజస్వి వంగి ముఖం కడుక్కుంది. మొగిలమ్మ కొంచెం దూరంలో టవలు పట్టుకొని నిలబడింది. రంగు పూర్తిగా పోయేదాకా పిల్లను ముట్టుకోనంది.

"అయిందా?" అని అడిగింది.

"అయింది" అన్నాడు వెంకట్రాజం.

అప్పుడు దగ్గరికి వచ్చి, మనవరాలి తలను తన వైపు లాక్కొని గరగరా తుడవడం మొదలుపెట్టింది. "ఇంక ఏడాది ఎల్లేదాక ఏ వేషం లేదు, ఇంటానవా? అన్నం గూడ తినకుండ ఉరికొచ్చింది పొద్దుగాల" అని తిడుతూనే ఉంది. తేజస్వి "ఊ" అంటోంది. చెవి వెనక కొంచెం పసుపు రంగు మిగిలింది. మొగిలమ్మ దాన్ని చూసింది. వెంకట్రాజం కూడా చూశాడు. టవలు అటు పోలేదు.